కాచ్‌కార్ కొండల్లో పల్లెలు, ప్రకృతి, పాత కట్టడాలు: టర్కీ ఈశాన్య పర్వతసీమకు సమగ్ర మార్గదర్శి

టర్కీ ఈశాన్య మూలన రీజె పట్టణం నుంచి ఇస్పిర్ వెళ్లే దారిలో ఓవిత్ అనే సొరంగం ఉంది. 2018లో తెరిచిన ఈ సొరంగం పొడవు 14.3 కిలోమీటర్లు. ఉత్తరం వైపు నుంచి బండి లోపలికి వెళ్లేటప్పుడు చాలా రోజుల్లో అద్దం మీద తుంపర పడుతూనే ఉంటుంది, చుట్టూ మంచు కమ్మిన పచ్చదనం తప్ప మరొకటి కనిపించదు. పావుగంట తరువాత దక్షిణపు ముఖం నుంచి బయటపడేసరికి ఆకాశం తేటగా ఉంటుంది, చెట్టన్నది లేని పచ్చిక కొండలు ఎదురవుతాయి, ఇంకా కిందికి దిగితే ఎండి పగుళ్లు తేలిన ఎర్రటి లోయలు వస్తాయి. ఒకే కొండకు ఇటు ఒక దేశం, అటు మరో దేశం ఉన్నట్టు తోస్తుంది. ఈ కొండవరుస పేరు కాచ్‌కార్. ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది ఉత్తరపు పచ్చదనం చూసి, నాలుగు ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. నా లెక్కలో అది సగం యాత్రే. రెండు వైపులనూ, వాటి మధ్య ఎత్తునూ చూసే విధంగా ప్రయాణం ఎలా వేసుకోవాలో ఈ వ్యాసంలో వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: కొండ స్వభావం తెలుసుకోవడం

కాచ్‌కార్ శిఖరం ఎత్తు 3,937 మీటర్లు. నల్లసముద్రపు తీరానికి అది నేరుగా కొలిస్తే దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. సముద్రం నుంచి లేచిన తేమగాలి ఇంత తక్కువ దూరంలో ఇంత ఎత్తు గోడకు తగిలి పైకి ఎక్కవలసి రావడంతో చల్లబడి, తన నీటినంతా ఉత్తరపు వాలు మీదనే కుమ్మరిస్తుంది. అందుకే రీజెలో ఏడాదికి రెండువేల మిల్లీమీటర్లకు మించి వర్షం పడుతుంది, ఏ నెలా పూర్తిగా పొడిగా గడవదు. హైదరాబాద్‌లో ఏడాది పొడవునా పడేదానికి ఇది రెండున్నర రెట్ల పైమాటే. గోడకు అవతల, చోరూహ్ నది లోయలో ఉన్న యూసుఫ్‌ఎలి ప్రాంతానికి ఆ మేఘాల్లో మిగిలినదే దక్కుతుంది కనుక అక్కడ ఆలివ్, దానిమ్మ, ద్రాక్ష పండుతాయి.

ఈ తేడా ఒక్కటి మనసులో ఉంచుకుంటే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. తీరం వెంట తేయాకు, హేజెల్ గింజల తోటలు. ఆ పైన చెస్ట్‌నట్, బీచ్, స్ప్రూస్ చెట్ల దట్టమైన అడవి. సుమారు రెండువేల మీటర్ల దగ్గర అడవి ఆగిపోయి పచ్చిక బయళ్లు మొదలవుతాయి. ఈ బయళ్లలో వేసవి మేత కోసం కట్టుకున్న కొయ్య ఇళ్ల గుంపులను యాయ్లా అంటారు. శీతాకాలం కిందిపల్లెలో, వేసవి యాయ్లాలో గడపడం ఇక్కడివారి తరతరాల పద్ధతి. మీ యాత్ర కూడా అదే క్రమంలో, కింది నుంచి పైకి సాగితే ఊరికీ ఊరికీ ఉన్న సంబంధం అర్థమవుతుంది.

రెండో అడుగు: నెల ఎంచుకోవడం

నడక ముఖ్యమనుకునేవారికి జులై రెండో వారం నుంచి సెప్టెంబరు మధ్య వరకు తగిన కాలం. మే నెలాఖరుకు చాలా యాయ్లాల దారులు తెరుచుకుంటాయి గాని మూడువేల మీటర్ల పైన కనుమల్లో జులైలో కూడా మంచు మిగిలి ఉండవచ్చు. జూన్‌లో రొడోడెండ్రాన్ పూలు, ఊదావీ పసుపువీ, కొండవాలును కప్పేస్తాయి. పూల కోసమే వచ్చేవారు కనుమలు దాటే ఆలోచన మానుకుని జూన్‌లో రావచ్చు. ఆకులు రంగు మారే అక్టోబరు మరో అందం, ముఖ్యంగా తూర్పున బోర్చ్‌కా, షావ్‌షాత్ చెరువుల దగ్గర. అయితే అప్పటికి యాయ్లాలు దాదాపు ఖాళీ అవుతాయి.

ఖాళీ అయ్యే రోజును అక్కడ క్యాలెండరు చెప్పదు, ఒక పువ్వు చెబుతుంది. వేసవి చివర పచ్చికలోంచి ఆకులేమీ లేకుండా నేరుగా నేలను చీల్చుకుని వచ్చే లేత ఊదారంగు పువ్వును వార్గిత్ అంటారు. టర్కిష్‌లో గిత్ అంటే ‘వెళ్లు’ అని. అది పూసిందంటే పశువులను కిందికి తోలవలసిన వేళ వచ్చిందని గుర్తు.

జులై, ఆగస్టులకు ఉన్న లోపం జనం. వేడినీటి బుగ్గ ఉన్న ఆయ్‌దెర్ ఊరు వంటి చోట్ల వారాంతాల్లో కార్లు బారులు తీరతాయి. కుదిరితే సోమవారం నుంచి గురువారం మధ్య పైకి ఎక్కేలా, శని, ఆదివారాలు దక్షిణపు వైపు ఉండేలా చూసుకోండి.

మూడో అడుగు: వీసా, చేరుకునే దారి

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి అమెరికా, బ్రిటన్, ఐర్లండ్ లేదా షెంగెన్ దేశాల చెల్లుబాటు వీసా గాని నివాస అనుమతి గాని ఉంటేనే టర్కీ ఈ-వీసా దొరుకుతుంది. అవి లేనివారు ముందుగా దరఖాస్తు చేసి పాస్‌పోర్టులో అతికించే వీసా తీసుకోవాలి, దానికి వారాలు పట్టవచ్చు. జార్జియాలో వైద్యవిద్య చదువుతున్న తెలుగు విద్యార్థులకు ఈ కొండలు చాలా దగ్గర. బతూమి నుంచి సార్ప్ సరిహద్దు ద్వారం దాటితే హోపా పట్టణం పక్కనే ఉంటుంది. కాని జార్జియా నివాస అనుమతి పైన చెప్పిన షరతుకు సరిపోదు కనుక సరిహద్దు దాకా వెళ్లి వెనుదిరిగే పరిస్థితి తెచ్చుకోకండి. నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు అధికారిక వీసా సైటులోనూ, మన విదేశాంగ శాఖ ప్రయాణ సూచనల్లోనూ ఒకసారి చూసుకోవాలి.

ఇస్తాంబుల్ నుంచి త్రాబ్జోన్‌కు గాని, సముద్రాన్ని రాళ్లతో పూడ్చి కట్టి 2022లో తెరిచిన రీజె-ఆర్త్విన్ విమానాశ్రయానికి గాని దాదాపు రెండు గంటల్లో చేరవచ్చు. కాచ్‌కార్ ఒక్కటే లక్ష్యమైతే రెండోది మేలు, ఫిర్తినా లోయకు అదే దగ్గర. సుమేలా మఠం కూడా చూడదలిస్తే త్రాబ్జోన్‌లో దిగి, తూర్పుకు సాగుతూ వెళ్లి, తిరుగు ప్రయాణానికి రీజె-ఆర్త్విన్ విమానం పట్టుకోండి.

లోయల్లో తిరగడానికి దోల్ముష్ అనే చిన్న బస్సులు ఉన్నాయి. దోల్ముష్ అంటే ‘నిండినది’ అని అర్థం. మన షేర్ ఆటోలాగే నిండేదాకా కదలవు. పాజార్, అర్దెషెన్ పట్టణాల నుంచి చామ్లీహెమ్‌షిన్ మీదుగా ఆయ్‌దెర్ దాకా అవి నడుస్తాయి. మిగిలిన యాయ్లాలకు బండి మాట్లాడుకోవాలి. కారు అద్దెకు తీసుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: పోకుత్, గితో వంటి చోట్లకు పోయే దారులు రాళ్లూ బురదా ఉన్న మలుపుల దారులు, మామూలు కారుతో ఎక్కడం అవివేకం. కింద కారు ఆపి, ఆ దారి తెలిసిన స్థానిక డ్రైవరు జీపు ఎక్కండి.

నాలుగో అడుగు: త్రాబ్జోన్ దగ్గర ఒక రోజు, సుమేలా

మాచ్కా మండలంలోని ఆల్తిందెరె జాతీయవనంలో, లోయ అడుగు నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తున నిట్టనిలువు కొండచరియను పట్టుకుని వేలాడుతున్నట్టు కనిపించే గ్రీకు క్రైస్తవ మఠం సుమేలా. దాని స్థాపన 4వ శతాబ్దంలో జరిగిందని సంప్రదాయం చెబుతుంది. 1923లో గ్రీసు, టర్కీల మధ్య జనాభా మార్పిడి జరిగినప్పుడు సన్యాసులు వెళ్లిపోయారు, మఠం శిథిలమైంది. 2010 నుంచి ఆగస్టు 15న అక్కడ మళ్లీ ప్రార్థన జరపడానికి అనుమతిస్తున్నారు. రాళ్లు దొర్లిపడే ప్రమాదం వల్ల 2015లో మూసివేసి, మరమ్మతుల తరువాత 2019 నుంచి దశలవారీగా తెరిచారు. పొద్దున్నే మొదటి గంటలోనే చేరుకోవాలి, పది దాటితే మెట్ల మీద వరుసలో నిలబడక తప్పదు. రాతి గుడిలో బయటి గోడ మీది చిత్రాలకు చేయి అందే ఎత్తు వరకు సందర్శకులు గీకిన పేర్లు కనిపిస్తాయి. ఆ ఎత్తుకు పైన ఉన్న ముఖాలు మాత్రం రంగు చెదరకుండా ఉన్నాయి.

త్రాబ్జోన్‌కు దక్షిణాన ఉన్న ఉజున్‌గోల్ చెరువు గురించి అందరూ చెబుతారు. ఒడ్డు చుట్టూ హోటళ్లు పెరిగిపోయిన ఆ ఊరిని వదిలేసి, ఆ రోజును పైలోయలకు ఇవ్వమనే నా సలహా.

ఐదో అడుగు: ఫిర్తినా లోయ, నెమ్మదిగా

ఫిర్తినా అంటే తుఫాను. ఆ ఏరు పేరే లోయకూ వచ్చింది. మకాం చామ్లీహెమ్‌షిన్ ఊళ్లోనో, ఆ చుట్టుపక్కల పల్లెల్లోనో పెట్టుకుని మూడు రాత్రులు ఉండండి. ఆయ్‌దెర్ ఇంకొంచెం పైన ఉంటుంది, అక్కడ వేడినీటి బుగ్గ ఉంది కనుక నడక ముగిశాక ఒక సాయంత్రం స్నానానికి వెళ్లవచ్చు. పచ్చిక వాలు చుట్టూ హోటళ్లు కిక్కిరిసిన ఆ ఊళ్లో మకాం మాత్రం నేను సూచించను.

లోయలో మొదట చూడవలసినవి రాతి వంతెనలు. ఒకే కమానుతో, మధ్యలో ఒంటె మూపురంలా పైకి లేచి, ఏటికి అడ్డంగా నిలిచిన ఈ వంతెనల్లో కొన్నిటికి మూడు వందల ఏళ్ల పైబడిన వయసుంది. షెన్‌యువా పల్లె దగ్గరి వంతెన వాటిలో చూడచక్కనిది. వంతెనకు మధ్యలో అంత ఎత్తు ఎందుకో వర్షం పడిన మర్నాడు ఏరు చూస్తే చెప్పనక్కరలేదు. నడిచే దారి మీద పిట్టగోడ తక్కువ, రాయి తడిస్తే జారుతుంది, కనుక ఫొటో కోసం అంచుకు పోకండి.

అక్కడి నుంచి ఎగువకు సాగితే అడవిలోంచి పొడుచుకు వచ్చిన బండ మీద జిల్‌కాలె అనే మధ్యయుగపు కోట కనిపిస్తుంది. కాలె అంటే కోట. మన ఖిల్లా అన్న మాటకూ దీనికీ మూలం ఒకటే అరబ్బీ పదం. సముద్రతీరం నుంచి పీఠభూమికి పోయే వర్తకదారిని కాపలా కాయడానికి కట్టిన కోట ఇది. దాన్ని దాటి ఇంకా పైకి పోతే పాలొవిత్ జలపాతం. ఈ అడవి పాత అడవి, ఎన్నడూ పూర్తిగా నరకనిది. జాతీయవనంగా 1994లో ప్రకటించిన కాచ్‌కార్ పర్వతసీమలో ఇదీ భాగమే.

ఇక ఇళ్లు. చామ్లీహెమ్‌షిన్ పైన కొండవాలు మీద రాయి, కొయ్య కలిపి కట్టిన రెండు మూడు అంతస్తుల పెద్ద భవంతులు కొన్ని ఉన్నాయి. ఈ మారుమూల ఇంత సంపద ఎక్కడిదని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఈ పైలోయల్లో ఉండే హెమ్‌షిన్ జనంలోని పురుషులు 19వ శతాబ్దంలోనూ, 20వ శతాబ్దపు తొలి ఏళ్లలోనూ రష్యా నగరాలకు వలసపోయి రొట్టెలు, మిఠాయిలు చేసే పనిలో డబ్బు గడించి, తిరిగివచ్చి కట్టించుకున్నవి ఇవి. రష్యాలో విప్లవం రావడంతో ఆ దారి మూసుకుపోయింది గాని చేతిలో ఉన్న విద్య పోలేదు, టర్కీ నగరాల్లో మిఠాయి దుకాణాల పనిలో హెమ్‌షిన్‌వారి పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. దుబాయి డబ్బుతో ఊళ్లో మేడ కట్టి, ఏడాదికి ఒకసారి తాళం తీసే కుటుంబాలను చూసినవారికి ఈ భవంతుల మూసిన కిటికీలు కొత్తగా అనిపించవు.

ఇంటి పక్కనే కాళ్ల మీద నిలబడిన చిన్న కొయ్యగది కనిపిస్తే దగ్గరికి వెళ్లి చూడండి. దాన్ని సెరెందెర్ అంటారు, మన గాదెకు సాటి. మొక్కజొన్న కంకులు, జున్ను, ఎండబెట్టిన పళ్లు అందులో దాస్తారు. నాలుగు కాళ్ల పైభాగాన, గది అడుగుకు కాస్త కింద, ఒక్కో కాలికి ఒక గుండ్రటి చెక్క బిళ్ల తొడిగి ఉంటుంది. కాలు పట్టుకుని పైకి పాకిన ఎలుక ఆ బిళ్ల అడుగు దాకా వచ్చి, తలకిందులుగా వేలాడుతూ దాన్ని చుట్టి పోలేక కిందపడుతుంది. ఎక్కే నిచ్చెనను కూడా ఇంటివారు గోడకు ఆనించి వదలరు, పని కాగానే తీసి పక్కన పెడతారు.

ఏటికి అవతల ఒంటరిగా ఉన్న ఇళ్లకు ఇవతలి రోడ్డు నుంచి ఇనుప తాడు లాగి, దాని మీద చిన్న తొట్టి నడుపుతారు. బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, కోసిన తేయాకు మూటలు అందులో పోతాయి. మనుషులను ఎక్కించుకోమని అడగకండి, అది సరదా కోసం పెట్టినది కాదు.

కింది వాలుల్లో తేయాకు చూస్తూ ఒక ఉదయం గడపవచ్చు. రీజెలో తొలి తేయాకు కర్మాగారం 1947లో వచ్చింది. అంతకు ముందు టర్కీ అంటే కాఫీయే. ఇక్కడ ఆకును చేత్తో గిల్లరు, కత్తెరకు సంచి కుట్టిన పనిముట్టుతో కత్తిరిస్తారు. శీతాకాలంలో ఈ తోటల మీద మంచు కురుస్తుంది కనుక కోత మే నుంచి అక్టోబరు వరకే.

ఆరో అడుగు: యాయ్లాలకు ఎక్కడం

మొదటిసారి వచ్చినవారికి పోకుత్, సాల్ అనే జంట యాయ్లాలు చాలు. రెండూ సుమారు రెండువేల మీటర్ల ఎత్తున పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని నుంచి మరొకదానికి తీరికగా నడిచినా గంటకు మించదు. మధ్యాహ్నం దాటాక కింది లోయ నుంచి మేఘం లేచి, కొంతసేపటికి మీ పాదాల కింద తెల్లటి సముద్రంలా పరుచుకుంటుంది, ఎత్తయిన గట్లు మాత్రం దీవుల్లా తేలతాయి. ఆ మేఘం ఒక్కోసారి ఇంకా పైకి వచ్చి మిమ్మల్నే మింగేస్తుంది. అందుకే ఇక్కడ ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు ఉండాలి. ఒక రాత్రికే వచ్చి, తెల్ల గోడ తప్ప ఏమీ చూడకుండా వెళ్లినవారు చాలామంది.

నడిచే శక్తి ఉన్నవారు సామిస్తాల్ యాయ్లాకు బండిలో చేరి, అక్కడి నుంచి హాజిందాక్ మీదుగా పోకుత్‌కు నడవవచ్చు. ఒక నిండు పగటి నడక ఇది. పచ్చిక గట్ల మీద మొదలై అడవిలోకి దిగి మళ్లీ బయళ్లలోకి వస్తుంది. హాజిందాక్‌లో కొయ్య ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని నిలిచిన తీరు ఇంకా చెదరలేదు. పైవాలుల్లోని యాయ్లాల మధ్య రోడ్లు వేసి అన్నిటినీ కలపాలన్న పథకం మీద 2015లో ఈ ప్రాంతంలో పెద్ద నిరసన జరిగింది, సామిస్తాల్‌లో యంత్రాలకు అడ్డుగా నిలిచినవారిలో ముసలి ఆడవాళ్లు ముందున్నారు. రోడ్డు పడితే ఆసుపత్రికి తొందరగా చేరవచ్చుననేవారు కూడా ఆ ఊళ్లలోనే ఉన్నారు. మీరు ఏ పక్షమైనా, బండి పోగల చోటుకల్లా బండిలో పోకుండా నడిస్తే కొండకు మేలు చేసినవారవుతారు.

జులై, ఆగస్టుల్లో యాయ్లాల్లో వార్తెవోర్ అనే పండుగ జరుపుకుంటారు. మేకతోలు సంచికి ఊదుడు గొట్టాలు అమర్చిన తులుమ్ వాద్యం మోగుతుంటే చేతులు పట్టుకుని గుండ్రంగా హోరోన్ ఆడతారు. తేదీలు యాయ్లాకొకటిగా ఉంటాయి కనుక బస చేసిన ఇంటివారినే అడగాలి. వలయంలోకి పిలిస్తే మొహమాటపడకుండా చేరండి, అడుగులు తెలియకపోయినా పక్కవారి భుజమే నడిపిస్తుంది.

ఏడో అడుగు: కొండ దాటడం

ఉత్తరం నుంచి దక్షిణానికి కాలినడకన దాటాలనుకునేవారికి యుకారీ కావ్రున్ యాయ్లా గాని, దాని పక్కలోయలోని చాయ్‌మాక్‌చుర్ గాని ఆరంభస్థానం. చాయ్‌మాక్‌చుర్ వైపు నుంచి నాలెత్‌లెమె కనుమ ఎక్కి అవతల ఓల్గున్లార్, యాయ్‌లాలార్ పల్లెలకు దిగుతారు. కనుమ మూడువేల మీటర్లకు పైనే. అలవాటున్నవారికి దాటడానికి ఒక పొడుగు పగలు సరిపోతుంది, గుడారం మోసుకుని రెండు రోజులు తీసుకుంటే సుఖం. దారి తెలిసిన స్థానికుడు తోడు లేకుండా మొదటిసారి వెళ్లకండి. ఉత్తరపు వాలు మీద మధ్యాహ్నానికి పొగమంచు దిగితే పది అడుగుల అవతలి రాయి కూడా కనిపించదు, గుర్తుగా పేర్చిన రాళ్ల కుప్పలు అప్పుడు పనికిరావు.

శిఖరం ఎక్కేవారు దక్షిణం నుంచి మొదలుపెట్టడమే తేలిక. ఓల్గున్లార్ నుంచి దిల్‌బెర్‌దుజు శిబిరానికి చేరి, అక్కడ ఒక రాత్రి ఉండి, మర్నాడు చీకటితోనే బయలుదేరి దెనిజ్‌గోలు అనే చెరువు మీదుగా పైకి పోతారు. వేసవి చివర మంచు తగ్గాక తాళ్ల అవసరం సాధారణంగా ఉండదు. కాని సముద్రమట్టం నుంచి వచ్చినవారు రెండువేల మీటర్ల దగ్గర కనీసం రెండు రాత్రులు గడపనిదే ఆ ఎత్తుకు పోరాదు.

నడవని వారికి దారి రెండు విధాలు. మొదట చెప్పిన ఓవిత్ సొరంగం మీదుగా ఇస్పిర్‌కు దిగి చోరూహ్ వెంట యూసుఫ్‌ఎలి చేరడం ఒకటి, తీరం వెంట హోపా పోయి బోర్చ్‌కా, ఆర్త్విన్ మీదుగా రావడం మరొకటి. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు మరొకటి పడితే కొండను పూర్తిగా చుట్టినట్టవుతుంది.

ఎనిమిదో అడుగు: దక్షిణం, నీట మునిగిన ఊరు, నిలిచిన గుడులు

యూసుఫ్‌ఎలి పేరుతో పాత మ్యాపులో కనిపించే పట్టణం ఇప్పుడు లేదు. చోరూహ్ మీద 275 మీటర్ల ఎత్తున కట్టిన ఆనకట్ట వెనుక 2022 నవంబరులో నీరు నింపడం మొదలుపెట్టారు, పాత పట్టణం మునిగింది, ప్రజలను పైన కొండ మీద కట్టిన కొత్త పట్టణానికి తరలించారు. శ్రీశైలం జలాశయంలో ఊళ్లు మునగడం విన్న కర్నూలు, మహబూబ్‌నగర్ వారికి ఈ దృశ్యం వివరించనక్కరలేదు. ప్రయాణికుడికి దీని వల్ల కలిగే చిక్కు ఏమిటంటే పాత దారులు, దూరాలు, బస్సు వేళలు ఏవీ చెల్లవు. ఆనకట్టకు ముందు అచ్చయిన గైడు పుస్తకాన్ని పక్కన పెట్టి, కొత్త సొరంగాలు చూపే తాజా మ్యాపు ఫోనులో దింపుకోవాలి.

ఈ లోయలను మధ్యయుగంలో తావో అనేవారు. 9 నుంచి 11వ శతాబ్దాల వరకు జార్జియా బగ్రతీయ వంశపు పాలకులు ఇక్కడ పెద్ద పెద్ద గుడులు కట్టించారు. నాలుగు చూస్తే చాలు, వరుస కూడా ముఖ్యం.

ముందు బార్హాల్ పల్లె, దీని అధికారిక పేరు ఆల్తిపార్మాక్, అంటే ఆరువేళ్లు. చెట్ల మధ్య నిలిచిన 10వ శతాబ్దపు గుడిని తరువాత మసీదుగా వాడుకున్నారు, కప్పు, గోడలు నేటికీ గట్టిగా ఉండటానికి అదే కారణం. ప్రార్థన వేళ తప్పించి వెళ్లాలి. బయట పడమటి గోడ ముందు నిలబడి పైకి చూస్తే, రాయిలోనే మలిచిన సన్నటి కమానుల వరుస అలంకారమంతా. లోపలి ఆకారం సాదా. రెండోది దోర్త్‌కిలిసె. పేరుకు ‘నాలుగు గుడులు’ అని అర్థం గాని మిగిలిన పెద్ద గుడి ఒక్కటే, తేనెపట్టులూ అడవి తీగలూ కమ్ముకున్న లోయలో ఏకాంతంగా ఉంటుంది. బార్హాల్ గుడికి ఇది తోబుట్టువు వంటిది, ఒకే నమూనా, కనుక ఒకదాని తరువాత ఒకటి చూస్తే వాడకంలో ఉన్న కట్టడానికీ వదిలేసిన దానికీ వెయ్యేళ్లలో వచ్చే తేడా కంటికి తెలుస్తుంది. మూడోది ఇష్‌హాన్, కొండ మీది పల్లెలో ఉంది. నాలుగోది అన్నిటికంటే గొప్పది, ఎర్జురుమ్ జిల్లా చామ్లీయామాచ్ పల్లెలోని ఓష్క్‌వాంక్. 963 నుంచి 973 వరకు పదేళ్లు పట్టిందట దాని నిర్మాణం. పల్లె ఇళ్ల నడుమ అంత పెద్ద గుమ్మటం తల ఎత్తడం చూసి ఎవరైనా ఆగిపోవలసిందే. దక్షిణపు వసారా స్తంభాల మీది చెక్కడానికి అరగంట కేటాయించండి.

ఒక్కో గుడికీ తాళం ఉండవచ్చు, మరమ్మతులు జరుగుతుండవచ్చు. ముందు రోజు రాత్రి బస చేసిన ఇంటివారితో అడిగించుకోవడమే దిక్కు.

తొమ్మిదో అడుగు: వ్యవధి ఉంటే మాజాహెల్

బోర్చ్‌కాకు ఈశాన్యాన, జార్జియా సరిహద్దును ఆనుకుని, కొండల నడుమ గిన్నెలా ఉన్న లోయ మాజాహెల్, అధికారికంగా జామిలి. 2005లో యునెస్కో గుర్తించిన ఈ జీవావరణ రక్షితప్రాంతం టర్కీలో ఆ కోవకు చెందిన మొదటిది. కలుషితం కాని కాకేసియన్ తేనెటీగ జాతికి ఇది పేరు. బోలు చేసిన దుంగలను తేనెపెట్టెలుగా మార్చి, ఎలుగుబంటికి అందకుండా ఎత్తయిన చెట్ల మీదికి తాళ్లతో లాగి కడతారు. సరిహద్దు ప్రాంతం కనుక పాస్‌పోర్టు వెంట ఉండాలి. పక్షులంటే ఇష్టమున్నవారు సెప్టెంబరు నెలాఖరులో బోర్చ్‌కా కొండల మీద రెండు రోజులు గడపండి, దక్షిణానికి వలసపోయే గద్దలు, డేగలు ఈ ఇరుకు దారిన లక్షల సంఖ్యలో వెళతాయి.

పదో అడుగు: తిండి

మాంసం తిననివారు ఇక్కడ ఇబ్బంది పడతారని అనుకుంటారు గాని నిజానికి టర్కీలో వారికి అనుకూలమైన ప్రాంతాల్లో ఇదొకటి. ముహ్లామా అనేది మొక్కజొన్న పిండిని వెన్నలో దోరగా వేయించి, నీళ్లు పోసి, సాగే జున్ను కలిపి రాగి పెనంలో వండే వంటకం. పెనంతోనే బల్ల మీద పెడతారు, రొట్టె ముక్కతో లాగితే మూర పొడుగు తీగ సాగుతుంది. చల్లారితే గట్టిపడి రుచి చెడుతుంది, మాటలు పక్కనపెట్టి తినాలి. ఊరబెట్టిన చిక్కుడుకాయల వేపుడు, మొక్కజొన్న రొట్టె, నల్ల కాబేజీ కూర కూడా అడగండి. కాబేజీ కూరలో మాంసం ఎముకో కొవ్వో వేయడం ఉంది కనుక ‘ఎత్ యెమియోరుమ్’, అంటే మాంసం తినను, అని ముందే చెప్పాలి. చేప మాంసం కాదని అక్కడివారి లెక్క. హమ్సి అనే చిన్న చేప తీరప్రాంతపు ప్రాణం, దాన్ని అన్నంలోనూ రొట్టెలోనూ వేస్తారు, కనుక చేప సంగతి విడిగా చెప్పుకోండి.

తేనె కొనేటప్పుడు ఒక జాగ్రత్త. రొడోడెండ్రాన్ పూల నుంచి వచ్చే తేనెను దెలి బాల్, పిచ్చి తేనె, అంటారు. అందులోని విషపదార్థం రక్తపోటును, గుండె వేగాన్ని పడగొడుతుంది. క్రీ.పూ. 400 ప్రాంతంలో ఈ కొండల గుండా వచ్చిన గ్రీకు సైనికులు అది తిని, నిలబడలేక పడిపోయిన సంగతి వారి సేనాని జెనోఫన్ రాసి ఉంచాడు. గుండెజబ్బు ఉన్నవారు రుచికి కూడా ముట్టకూడదు.

పదకొండో అడుగు: ప్రమాదాలు

ఎలుగుబంట్లు ఉన్నాయి గాని మనిషి అలికిడికి తప్పుకుంటాయి. అంతకంటే మంద కాపలా కుక్కలతో జాగ్రత్త అవసరం. మందకు అడ్డంగా పోకండి, పరుగెత్తకండి, కాపరి పిలిచేదాకా నిలబడి, దూరంగా చుట్టి పోండి. పెద్దవాన పడిన రోజున ఏటి ఒడ్డున గుడారం వేయకూడదు, లోయల దారుల్లో కొండచరియలు విరిగిపడటం ఇక్కడ వేసవిలోనూ జరుగుతుంది. అత్యవసరానికి దేశమంతటా 112. పైలోయల్లో సిగ్నల్ ఉండదు కనుక ఏ యాయ్లాకు బయలుదేరారో, ఎప్పటికి చేరతారో కింద ఒకరికి చెప్పి వెళ్లాలి. నగదు కూడా కిందనే తీసుకోవాలి. విమానానికి ముందు రోజు తప్పనిసరిగా తీరానికి దిగి ఉండండి.

పన్నెండో అడుగు: మాట, మర్యాద

ఈ కొండల్లో ఒకే రకం జనం లేరు. తీరం వెంట లాజ్‌లు, వారి భాష జార్జియన్‌కు బంధువు. పైలోయల్లో హెమ్‌షిన్‌వారు, తూర్పున జార్జియన్ మాట్లాడే పల్లెలు. మీరెవరు, మీ పూర్వులెవరు అని గుచ్చి అడగకుండా, చెబితే వినడం మంచిది.

తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. టర్కిష్‌లోనూ వరుసలు పెట్టి పిలుస్తారు, పైగా తల్లి వైపుకూ తండ్రి వైపుకూ వేర్వేరు మాటలు. పెద్దామెను తెయ్‌జె అనండి, అంటే తల్లి తోబుట్టువు, మన పిన్నో పెద్దమ్మో. మేనత్తకు హాలా, మేనమామకు దాయీ అని విడిగా ఉన్నాయి. మీకంటే కాస్త పెద్దదైతే ఆబ్లా, అక్క. పెద్దవయసు మగవారికి ఆమ్‌జా, బాబాయి. పొలంలో, తోటలో పని చేస్తున్నవారిని దాటిపోతూ ‘కోలాయ్ గెల్సిన్’ అనాలి, పని తేలిక కావాలని. ఈ ఒక్క మాటకు ముఖాలు విప్పారుతాయి. వండి పెట్టినవారికి ‘ఎలినిజె సాగ్లిక్’, మీ చేతులకు ఆరోగ్యం. రంగుల తలగుడ్డలు చుట్టుకున్న హెమ్‌షిన్ స్త్రీలను అడగకుండా ఫొటో తీయకండి. యాయ్లాలో ప్రతి ఇల్లూ హోటలు కాదు, బయటి బల్ల కూడా ఎవరో ఒకరిది. గుమ్మం ముందు చెప్పులు విప్పడం మనకు కొత్త కాదు.

చాయ్‌కి పిలిస్తే కాదనకండి. పాలు ఉండవు. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు పాత్రల్లో పైదానిలో చిక్కటి డికాషన్, కిందిదానిలో మరిగే నీళ్లు. నడుము సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసులో రెండూ కలిపి, చక్కెర ముక్కలు పక్కన పెట్టి ఇస్తారు. గ్లాసు ఖాళీ కావడమే ఆలస్యం, అడగకుండానే మళ్లీ నింపుతారు. ఇక చాలు అనుకున్నప్పుడు చెంచాను గ్లాసు మూతి మీద అడ్డంగా పెట్టండి.